కాలువ గట్టు సుగంధిపాల

సుగంధిపాల తీగ దగ్గర ఎవరూ ఆగరు. సన్నటి ఊదా రంగు కాడ, ఏ కలివి పొదకో బలుసు కంపకో చుట్టుకుని పాకిపోతుంది. ఒకే తీగకు ఒకచోట వేలెడు వెడల్పు ఆకులు, ఇంకోచోట గరికంత సన్నటి ఆకులు ఉంటాయి గనక రెండూ ఒకటేనని కొత్తవాళ్లకు తోచదు. ఆకు నడిమి ఈనె పొడుగునా తెల్లటి చార ఉంటుంది. పూలు ఆకు మొదట్లో దాక్కుంటాయి. బయట పచ్చగా, లోపల ముదురు ఊదాగా, మిరియపు గింజంత ఉంటాయి. వాటిని తలలో పెట్టుకున్నవాళ్లను నేను చూడలేదు, దేవుడి పటానికి పెట్టినవాళ్లనూ చూడలేదు. దాని విలువంతా మట్టిలో ఉంది. ఏళ్ల తరబడి బతికే తీగ అది. ఎండకు పైభాగం వాడిపోయినా వేరు కింద పదిలంగా ఉండి, వాన పడగానే మళ్లీ చిగురేస్తుంది. ఆ వేరు పైతోలును గోటితో గీరితే వచ్చే వాసనే మా ఊరికి ఎండాకాలపు వాసన.

మా ఊరు షోళింగనల్లూరు. 2011లో చెన్నై కార్పొరేషన్‌లో కలిసి 15వ మండలం అయింది. నేను చెప్పేది 1960ల తొలి సంవత్సరాల సంగతి. అప్పటికి అది మహాబలిపురం దారిలో ఒక పల్లె. పడమట వరిమళ్లు, వాటి అవతల పళ్లికరణై చిత్తడి నేల. తూర్పున బకింగ్‌హామ్ కాలువ, కాలువ దాటితే ఇసక దిబ్బలు, సవుకు తోపులు, తాటిచెట్లు, ఆపైన సముద్రం. మళ్లకూ ఇసకకూ లొంగని మెట్టల మీద ముళ్ల పొదల అడవి ఉండేది. అడవి అంటే పెద్ద మానులేమీ కావు. కలివి, బలుసు, రేగు, అక్కడక్కడ ఒక పాలచెట్టు, వాటి నిండా తీగలు. ఆ అడవి ఎలా ఉండేదో ఇవాళ చూడాలంటే మేడవాక్కం పక్కన మిగిలిన నన్మంగళం రిజర్వు అడవికో, నగరం మధ్యన గిండీ జాతీయ ఉద్యానానికో వెళ్లాలి.

మా ముత్తాతలు నెల్లూరు సీమ నుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. సుగంధిపాల అన్న మాట మా అవ్వ పూజ రోజుల్లో, మందు పుస్తకం తెరిచినప్పుడు వాడేది. మిగతా రోజుల్లో అందరికీ నన్నారే.

వేళ్లు తెచ్చే ఆమెను మేము నన్నారమ్మ అనేవాళ్లం. అసలు పేరు అవ్వకు తెలిసి ఉండొచ్చు, మాకెవరూ చెప్పలేదు. ఆమె ఇరుళ తెగ మనిషి. శివరాత్రి దాటాక, నన్మంగళం గుట్టల వైపు నుంచి మొగుడితో కలిసి వచ్చేది. ఆయన భుజాన ఎలుకల బొరియలు తవ్వే గునపం, ఆమె నెత్తిన తాటాకు బుట్ట. బుట్టలో ఏం ఉంటుందో ఎప్పుడూ ఒకటే కాదు. ఒకసారి తేనె, ఒకసారి ఉసిరికాయలు, ఒకసారి ఏవో బెరళ్లు. నన్నారి కట్టలు మాత్రం ఎండ ముదిరే నాటికి తప్పకుండా ఉండేవి. తాటినారతో కట్టిన కట్ట, గుప్పిట పట్టేంత.

అవ్వ తెలుగులో మాట్లాడేది, ఆమె అరవంలో. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు.

"ఏమ్మే, పోయినసారి దాంట్లో సగం పీచే."

"గీరి చూడు పెద్దమ్మా. వాసన లేకుంటే ఊరికే ఇచ్చి పోతా."

అవ్వ ఒక వేరు తీసి విరిచేది. సుగంధిపాల వేరు సన్నగా, వంకరగా, ముదురు మట్టి రంగులో ఉంటుంది. పైతోలు మీద నిలువునా గీతలు, అడ్డంగా పగుళ్లు. తోలు కింద గట్టి ఈనె. వాసనంతా తోలులో ఉంటుంది, ఈనెలో ఏమీ ఉండదు. లావుపాటి వేరుకు ఈనె ఎక్కువ, తోలు తక్కువ. అందుకే అవ్వ ఎప్పుడూ చిటికెన వేలికంటే సన్నటివే ఏరుకునేది. ఏరాక చాటెడు బియ్యం, ఒక పాత చీర, గుప్పెడు ఎండుచేపలు ఇచ్చేది. డబ్బు చేతులు మారడం నాకు గుర్తు లేదు.

ఇంకొకటి చెప్పకుండా ఈ జ్ఞాపకం రాయలేను. నన్నారమ్మ మా ఇంటి పంచ దాటి లోపలికి రాలేదు. ఆమె తవ్వి, కడిగి, చేత్తో కట్టిన వేరు మా వంటింట్లోకి, మా పిల్లల నోట్లోకి వెళ్లేది. ఆమె మాత్రం మెట్టు కింద కూర్చుని, పైనుంచి పోసిన మజ్జిగ దోసిట్లో తాగి వెళ్లేది. పాత రోజుల మంచి గురించి ఎవరు చెప్పినా నాకు ఆ దోసిలి కూడా కనబడుతుంది. పోయిన జీవనవిధానంలో పోవలసింది కూడా ఉంది.

నేను ఆమె వెంట పొదల్లోకి వెళ్లేదాన్ని. అవ్వ వద్దనేది, కానీ మరీ గట్టిగా కాదు. అక్కడే నేర్చుకున్నాను, తీగను చూసి నమ్మకూడదని. అదే పొదకు కుక్కపాల అల్లుకుని ఉంటుంది. అదీ సన్నటి తీగే, తుంచితే దానికీ పాలే. దాని ఆకు నమిలితే వాంతి అవుతుంది. ఉబ్బసానికి కొద్ది మోతాదులో వాడేవాళ్లు, తెల్లదొరల కాలపు ఆసుపత్రుల్లో వాంతి మందుగానూ వాడారు. నల్లతీగ ఇంకొకటి. వైద్యులు దాన్నీ సారిబ అంటారు, నల్ల సారిబ. వేరు చూపుకు దగ్గరగానే ఉంటుంది, వాసన మాత్రం ఉండదు. నన్నారమ్మ ఆకును చూసేది, కాడను తుంచి పాలు చూసేది, ఆ తర్వాత మట్టి కొంచెం తీసి వేరును గోటితో గీరి వాసన చూసేది. మూడూ కుదిరితేనే గునపం దిగేది.

తవ్వడంలోనూ ఒక లెక్క ఉంది. తీగ మొదలు నుంచి జానెడు వదిలి, పక్కకు పారిన వేళ్లనే తీసేది. మొదలు కదిలించేది కాదు. గుంట పూడ్చి, కాలితో తొక్కి, ఎండుటాకులు కప్పి లేచేది. ఒకసారి లావు వేరు మొదలు దాకా కనిపిస్తుంటే నేను లాగబోయాను. చేయి పట్టుకుంది. "మొదలు తీస్తే వచ్చే ఏడు మీ అవ్వకు ఏం తేను?" అంది. సుగంధిపాల కాయలు జంట కొమ్ముల్లా పండి పగిలితే గింజలు పట్టుదూదితో ఎగిరిపోతాయి. కానీ తీగ తొందరగా తిరిగి వచ్చేది మట్టిలో మిగిలిన వేరు నుంచే. ఆ సంగతి ఆమెకు చెప్పినవాళ్లు లేరు, ఆమె ముందరి తరాలు ఏటేటా అవే పొదలకు తిరిగి వచ్చి తెలుసుకున్నాయి.

మా ఇంట్లో నన్నారి పని రెండు రకాలు. ఒకటి దాహానికి, ఒకటి మందుకు. వేళ్లు కడిగి నీడన ఆరబెట్టి, రోట్లో మెల్లగా దంచితే తోలు విడిపోతుంది. ఈనె పారేసేది. తోలును ఇత్తడి గిన్నెలో వేసి, పొయ్యి మీంచి దించిన మరుగునీళ్లు పోసి, మూత పెట్టి రాత్రంతా వదిలేది. పొయ్యి మీద పెట్టి మరిగిస్తే వాసన ఆవిరితో పోతుంది. అవ్వ ఈ విషయంలో ఎవరినీ క్షమించేది కాదు. తెల్లారి వడకట్టిన నీళ్లు ఎర్రటి గోధుమ రంగులో ఉండేవి. తాటి కలకండ పాకం విడిగా పట్టి, అది చల్లారాక ఈ నీళ్లు కలిపి జాడీలో పోసేది. మధ్యాహ్నం కుండనీళ్లలో రెండు గరిటెలు వేసి, నిమ్మచెక్క పిండి ఇచ్చేది. ఒక వేరు ముక్కను తాగే నీళ్ల కుండలోనే వేసి ఉంచేది కూడా.

మందుగా వాడేటప్పుడు తీపి ఉండేది కాదు. సెగ్గడ్డలు లేచినా, ఒళ్లంతా దురద పెట్టినా, ఒంటికి వెళ్లేటప్పుడు మంటగా ఉన్నా తోలు పొడి ఆవుపాలలో కలిపి పొద్దున్నే. జ్వరం తగ్గాక నోటికి రుచి తెలియనివాళ్లకు పలచటి కషాయం. ఆయుర్వేదంలో దీన్నే సారిబ, అనంతమూలం అంటారు. సారిబాద్యాసవం అన్న పులిసిన మందు ఇవాళ్టికీ అంగళ్లలో దొరుకుతుంది. రక్తం శుభ్రపరుస్తుందని, వేడి తగ్గిస్తుందని, చర్మానికి మంచిదని ఆ వైద్యం చెబుతుంది. సిద్ధ వైద్యులదీ దాదాపు అదే మాట.

మా అవ్వ వంటింటి మందు ఎంత దూరం ప్రయాణం చేసిందో నాకు పెద్దయ్యాక పుస్తకాల్లో తెలిసింది. 1813లో విట్లా ఎయిన్‌స్లీ అనే కంపెనీ వైద్యుడు మద్రాసులో ఒక మందుల గ్రంథం అచ్చువేశాడు. అందులో ఒక్కో మందుకూ అరవం, తెలుగు, సంస్కృతం పేర్లు ఇచ్చాడు. నన్నారి వేరు అందులో ఉంది. అమెరికా నుంచి ఓడల్లో వచ్చే సార్సపరిల్లా వేరు ఖరీదు. దానికి బదులు ఇది వాడొచ్చని దొరలు గుర్తించారు, 'దేశవాళీ సార్సపరిల్లా' అన్నారు. 1864 నాటి బ్రిటిష్ ఫార్మకోపియాలో ఈ వేరు చేరింది. అంటే లండన్ మందుల దుకాణంలో కూడా చెల్లుబాటయ్యే సరుకు అన్నమాట. ఆ వాసనకు కారణమైన పదార్థాన్నీ రసాయన శాస్త్రం పట్టుకుంది. 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్. ఐస్‌క్రీముల్లో వేసే వెనిలిన్‌లో ఉన్న పరమాణువులే దీంట్లోనూ ఉన్నాయి, అమరికలో మాత్రం తేడా.

ఈ గొప్పలో ఒక భాగం నిలవలేదు. ఐరోపాలో సార్సపరిల్లాను ఎక్కువగా సిఫిలిస్‌కు వాడారు. ఆ జబ్బుకు ఏ సార్సపరిల్లా పని చేయదు. పెనిసిలిన్ వచ్చాక ఆ మాట అనడానికి ఎవరూ జంకలేదు. అలాగే నన్నారమ్మ బుట్టలో అప్పుడప్పుడు కనిపించిన ఈశ్వరి వేరు. పాము కాటుకు, తేలు కాటుకు దాన్ని నమ్మేవాళ్లు. దాంట్లోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను చెడగొడుతుందని, క్యాన్సర్ తెస్తుందని ఇవాళ ఖాయంగా తెలుసు. ఇంకా భయంకరమైనది అడవినాభి దుంప. నాగలి ఆకారంలో ఉంటుంది గనక అరవంలో కలప్పై కిళంగు అంటారు. కార్తీకంలో నిప్పు రంగు పూలు పూసే ఆ తీగ తమిళనాడు రాష్ట్ర పుష్పం. దుంపలో, గింజలో కోల్చిసిన్ ఉంటుంది. కీళ్లవాతానికి మందు, మోతాదు మించితే ప్రాణం తీస్తుంది. నన్నారమ్మ దాన్ని మా ఊళ్లో ఎవరికీ అమ్మలేదు. అడిగినవాళ్లకు లేదని చెప్పేది. ఏది ఇవ్వకూడదో తెలియడం కూడా ఆమె వృత్తిలో భాగం. ఇప్పుడు అదే అడవినాభిని పడమటి జిల్లాల్లో, మూలనూరు, ధారాపురం వైపు, గింజల కోసం పొలాల్లో పెంచి ఎగుమతి చేస్తున్నారు.

ఇరుళలకు చుట్టాల్లాంటివాళ్లు మన యానాదులు. భాష తెలుగు. పని అదే. ఎలుకలు, పాములు, తేనె, వేళ్లు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో వేసిన కులాల గ్రంథంలో శ్రీహరికోట యానాదుల గురించి చాలా రాశాడు. 1835లో ఆ దీవి ప్రభుత్వం చేతికి వచ్చాక, యానాదులు అడవి సరుకు ఏరి సర్కారుకు అప్పగించడం మొదలైంది. ఆ సరుకుల పట్టీ నాకు కంఠతా వచ్చు. ఎర్ర రంగు తీసే చిరివేరు, కానుగ, సుగంధిపాల, ముష్టి గింజలు, తంగేడు, కుంకుళ్లు, ఈశ్వరి, కుక్కపాల, సురటి చెక్క, తేనె, చింతపండు, నేరేడు. సగానికి పైగా నన్నారమ్మ బుట్టలో చూసినవే. వంద కిలోమీటర్ల దూరంలో, వేరే భాష మాట్లాడే మనుషులు, అవే మొక్కలను అదే పద్ధతిన గుర్తుపట్టారు. అక్కడ సర్కారు కొలిచి తీసుకుంది, ఇక్కడ మా అవ్వ చాటతో కొలిచి ఇచ్చింది. కొలత ఎప్పుడూ తీసుకునేవాళ్ల చేతిలోనే ఉంది.

శ్రీహరికోటకూ మా ఊరికీ మధ్య దారి ఆ కాలువే. 1806లో బేసిల్ కొక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వించిన కాలువ పెరిగి పెరిగి, ఉత్తరాన కృష్ణా డెల్టా కాలువలను, దక్షిణాన మరక్కాణాన్ని అందుకుంది. 1876-78 ధాత కరువులో కూలి పని కింద నగరం మధ్య భాగం తవ్వించి, అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ పేరు పెట్టారు. మద్రాసు పొయ్యిల్లోకి శ్రీహరికోట కట్టెలు ఈ కాలువ మీదే వచ్చాయి. మా వైపు ఉప్పు, కట్టెలు, గవ్వసున్నపు గుల్లలు పోతుండేవి. గట్టున తాడు పట్టి పడవ లాగేవాళ్ల పాటలో తెలుగు వినబడితే అవ్వ పంచలోంచి లేచి చూసేది. అడవిలోంచి మూలిక తెచ్చేవాళ్లు, కాలువ మీద మోసేవాళ్లు, మద్రాసు ప్యారీస్ దగ్గర రాసప్ప చెట్టి వీధిలో మందు చెక్కలు అమ్మేవాళ్లు, ఆ పైన వైద్యులు. అదంతా ఒక గొలుసు.

ఆ గొలుసు పై చివర మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఒంగోలు వైపు నుంచి పొట్ట చేత పట్టుకుని మద్రాసు వచ్చిన కె.ఎన్. కేసరి, కేసరి కుటీరం పెట్టి 'లోధ్ర' అనే మందును ఇంటింటి మాట చేశాడు. ఆ సంపాదనతో 'గృహలక్ష్మి' పత్రిక నడిపాడు. ఆచంట లక్ష్మీపతి అల్లోపతి చదివి ఆయుర్వేదానికి జీవితం ఇచ్చాడు. దేశీయ వైద్యాల మీద వేసిన ఉస్మాన్ కమిటీ 1923లో ఇచ్చిన నివేదిక వల్ల 1925లో మద్రాసులో ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల తెరిచారు. 1944లో వైద్యులే సహకార సంఘంగా ఏర్పడి ఇంప్‌కాప్స్ పెట్టుకున్నారు. అది మాకు ఉత్తరాన తిరువాన్మియూరులో ఇప్పటికీ మందులు తయారు చేస్తోంది. వీళ్లందరి మీదా నాకు గౌరవం ఉంది. వాళ్ల చరిత్రలు పుస్తకాలకెక్కాయి, ఎక్కవలసినవే. ఏ ఆసవమైనా, ఏ లేహ్యమైనా ఎవరో ఒకరు వేరు తవ్వితేనే గదా తయారయ్యేది. ఆ తవ్విన చేతుల పేర్లు ఏ సీసా మీదా లేవు.

పోవడం ఒక్కసారిగా జరగలేదు. 1965, 66ల తుపాన్లకు కాలువ గట్లు తెగాయి, ఇసక మేటలు వేసింది. లారీలు అప్పటికే వచ్చాయి. పడవలు తగ్గి తగ్గి ఆగిపోయాయి. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, ఆ తర్వాత పాము తోళ్ల ఎగుమతి ఆగింది. చట్టం మంచిదే. కానీ ఇరుళల చేతిలోంచి ఒక్కసారిగా బతుకు జారిపోయింది. నన్నారమ్మ మొగుడు గునపం వదిలి ఇటుక బట్టీకి వెళ్లాడని విన్నాను. ఆమె ఒకటి రెండేళ్లు ఒంటరిగా వచ్చింది, కట్టలు చిన్నవయ్యాయి, వేళ్లు లావయ్యాయి. అవ్వకు అర్థమైంది. సన్నటి వేళ్లు మిగలడం లేదని, దగ్గరి పొదలన్నీ అయిపోయాయని. ఆ తర్వాత ఆమె రాలేదు. మేము ఎవరమూ వెతుక్కుంటూ వెళ్లలేదు.

శ్రీహరికోట కథ మన పాఠకులకు తెలుసు. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు, 1971 అక్టోబరులో తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. దీవిలో ఉన్న యానాదులు చాలావరకు ఒడ్డుకు వచ్చి స్థిరపడ్డారు. ఆ కేంద్రం దేశానికి ఏమిచ్చిందో నేను తక్కువ చేసి చెప్పను. ఆ అడవిలో ఏ పొద కింద ఏ వేరు ఉందో తెలిసిన మనుషులు దానికి దూరమయ్యారన్నదీ అంతే నిజం.

మా ఊళ్లో ముళ్లపొదలను కొట్టేసినప్పుడు ఎవరూ అడవి కొడుతున్నామనుకోలేదు. 'పొరంబోకు' అన్నారు. చిత్తడి నేలకు కొంగలున్నాయి, వలస పక్షులున్నాయి, వాటిని ప్రేమించి పోరాడినవాళ్లున్నారు. 2022లో పళ్లికరణై రామ్‌సర్ జాబితాకెక్కింది, సంతోషం. ముళ్లపొదకు ఆ భాగ్యం లేదు. పూలు కనబడవు, నీడ చాలదు, నడిస్తే గుచ్చుకుంటుంది. 2008 నాటికి మహాబలిపురం దారి ఆరు వరసల రాజీవ్‌గాంధీ సాలై అయింది. అటూ ఇటూ కంప్యూటరు కంపెనీలు లేచాయి. వాటిలో పనిచేసేవాళ్లలో మన తెలుగు పిల్లలు ఎందరో. సాయంత్రం టీకొట్ల దగ్గర ఇప్పుడు నా చిన్నప్పటికంటే ఎక్కువ తెలుగు వినబడుతుంది.

ఆ కొట్లలో నన్నారి షర్బత్ దొరుకుతుంది, కడప, కర్నూలు పిల్లలు ఇష్టంగా తాగుతారు. అందులో చాలావరకు మారేడు కొమ్ముల రసం, లేదా సీసా ఎసెన్సు. మారేడు కొమ్ములు కూడా మంచివే. వాసన పదార్థం అదే. అరవం ఇళ్లలో మాకాళి కిళంగు పేరుతో మజ్జిగలో ఊరేసుకునేదీ అదే. కానీ శేషాచలం, నల్లమల కొండల్లో పెరిగే ఆ తీగను దుంపతో సహా పెకలించి బస్తాల్లో దింపుతున్నారు. ఇప్పుడది అంతరించే ప్రమాదంలో ఉన్న మొక్క. బస్తా లెక్కన కొనే వ్యాపారి రేపు ఎవరికి ఏం తెస్తాడని మొదలు వదులుతాడు? నన్నారమ్మ వదిలింది, ఎందుకంటే మా పంచకే మళ్లీ రావాలి.

ఇరుళలు మాత్రం మాయమైపోలేదు. అలా రాయడం వాళ్లకు అన్యాయం. 1978లో వాళ్లు పాములు పట్టే సహకార సంఘం పెట్టుకున్నారు. మాకు దక్షిణాన వడనెమ్మేలిలో పాముల విషం తీసి వదిలేస్తారు. దేశంలో పాము కాటు మందు తయారీకి కావలసిన విషంలో చాలా భాగం వాళ్ల చేతుల మీదుగా వెళుతుంది. ఈశ్వరి వేరు చేయలేని పని ఆ చేతులే చేస్తున్నాయి. 2023లో ఇద్దరు ఇరుళ పాములవాళ్లు, వడివేల్ గోపాల్, మాసి సడయన్, పద్మశ్రీ అందుకున్నారు. చెంగల్పట్టు దగ్గర తండరైలో ఇరుళ ఆడవాళ్ల సంఘం 1986 నుంచి మందు మొక్కల నారు పెంచుతోంది. పంచ కింద కూర్చోకుండా, ధర తామే చెప్పి అమ్ముతున్నారు. నేను కోరుకునే మార్పు అది.

మనకు పోయింది వేరే. వేరు కొనేవాళ్లకూ తవ్వేవాళ్లకూ మధ్య ముఖ పరిచయం పోయింది. దాంతో కొనేవాళ్లకు ముక్కు కూడా పోయింది. మా ఇళ్లలో ఇవాళ సుగంధిపాలను, నల్లతీగను పక్కపక్కన పెడితే తేడా చెప్పగలవాళ్లు లేరు. కాబట్టి చివరగా నన్నారమ్మ నేర్పిన పద్ధతి రాసి పెడుతున్నాను. అంగట్లో వేరు కొనేటప్పుడు పొడి అడగొద్దు, వేరే అడగండి. సన్నటివి ఏరండి. తోలు మీద నిలువు గీతలు, అడ్డ పగుళ్లు ఉండాలి. ఒకటి విరిచి, తోలును గోటితో గీరి వాసన చూడండి. తోలు కింద ఈనె పసుపుపచ్చగా, గట్టిగా ఉంటుంది, దానికి వాసన ఉండదు, ఉండనక్కర్లేదు. తోలుకు లేకపోతే మాత్రం తీసుకోవద్దు. తండరై వాళ్ల దగ్గర నారు తెచ్చి కుండీలో పెట్టుకున్నా, పందిరికి చిన్న తాడు కట్టినా చాలు, రెండో ఏటికి వేళ్లు వస్తాయి. తవ్వేటప్పుడు మొదలు నుంచి జానెడు వదలండి.